టన్నున్నర చలి

ఏప్రిల్ 9

ఈ రోజు నుంచి డైరీ. గొప్ప పనులు మొదలుపెట్టినవాళ్లందరూ రాశారట, కాబట్టి నేనూ రాయాలి. తెలుగులో రాయడానికి కారణం భాషాభిమానం కాదు. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేవాణ్ని నేనొక్కణ్నే. నా భార్య ధాత్రి ఇక్కడే, హుగ్లీ అవతల లిలువాలో పుట్టి పెరిగింది. నోటినిండా తెలుగు మాట్లాడుతుంది కానీ అక్షరాలు చూపిస్తే జంతికలంటుంది.

నిర్ణయం: రెండో బెడ్‌రూములో పుట్టగొడుగులు పెంచుతాను. బటన్ రకం, హోటళ్లవాళ్లు కొనేది. ఆయిస్టర్ రకం తేలిక అని ప్రతి వీడియోలోనూ చెబుతున్నారు. తేలికైన పనులు చెయ్యడానికి నేను పుట్టలేదు. బటన్‌కి చలి కావాలి, చీకటి కావాలి, గదిలోకి మనుషులు ఊరికే వచ్చిపోతూ ఉండకూడదు. అంటే గది మొత్తం దానికే ఇచ్చెయ్యాలి. తప్పదు.

ఆదివారంనాడు అత్తమ్మ బాత్‌రూములో జారిపడింది. పెద్ద దెబ్బేం కాదు. మామగారు పోయాక లిలువాలో ఒక్కతే ఉంటోంది, రైల్వే వర్క్‌షాపు వెనక ఆస్‌బెస్టాస్ రేకుల కింద. ఇక్కడికి తెచ్చుకుందాం, రెండో గది ఖాళీగానే ఉంది కదా అని ధాత్రి అంది. దానికీ దీనికీ సంబంధం లేదు. పుట్టగొడుగుల ఆలోచన నాకు ఎప్పటినుంచో ఉంది. తక్కువలో తక్కువ సోమవారం నుంచి ఉంది.

ఏప్రిల్ 12

ఏసీ దుకాణానికి వెళ్లాం. నేను ముందే అన్నీ చదివి వెళ్లాను. గది కొలతలు, పడమటి గోడ, కిటికీ వైశాల్యం, పైకప్పు మీద ఎండ. సేల్స్ కుర్రాడికి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. వాడు ఊపిరి తీసుకునే సందు చూసుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఘొరే కొజొన్ థాక్‌బే, దాదా?"

ఇక్కడికొచ్చి ఐదేళ్లయినా, గదిని ఈ బెంగాలీవాళ్లు ఘొర్ అన్నప్పుడల్లా నాకు 'ఘోరం' అనే వినిపిస్తుంది. గదిలో ఎంతమంది ఉంటారు అని. మనిషి ఒంటి వేడిని కూడా లెక్కలో వేసుకోవాలట.

"ఎవరూ ఉండరు" అన్నాను.

"ఎవరూ ఉండని గదికి ఏసీయా?"

"పుట్టగొడుగులుంటాయి."

వాడు ధాత్రి వైపు చూశాడు. ధాత్రి పక్కనున్న వాషింగ్ మెషీన్ తలుపు తీసి లోపలికి చూస్తోంది. మాకు వాషింగ్ మెషీన్ ఉంది.

ఏప్రిల్ 13

విండో ఏసీ పెడితే చప్పుడు. పుట్టగొడుగులకి చెవులు లేవు, కానీ కిటికీ పోతుంది. స్ప్లిట్ పెడితే కిటికీని థర్మకోల్‌తో మూసెయ్యొచ్చు. మూసేస్తే ఇక అది బెడ్‌రూములా కనిపించదు. స్ప్లిట్టే.

ఒక టన్ను చాలని అందరూ అంటున్నారు. నేను టన్నున్నర అంటున్నాను. నా సిద్ధాంతం ఇదీ: ఏసీ చల్లబరిచేటప్పుడు గాలిలో తేమ లాగేస్తుంది, పుట్టగొడుగుకి తేమే ప్రాణం. ఏసీ పెద్దదైతే గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, ఆగినంతసేపూ తేమ మిగులుతుంది. ఇది నాకు స్నానం చేస్తుంటే తట్టింది. ధాత్రికి చెబితే, "అయితే ఇంకో పెద్దది కొని అసలు వెయ్యకుండా ఉంచు, ఇంకా మంచిది" అంది. సైన్సు మీద గౌరవం లేదు.

ఏప్రిల్ 15

పొయిలా బొయిశాఖ్, బెంగాలీవాళ్ల ఉగాది. లిలువా వెళ్లాం. అత్తమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది, పట్టుకోవడం లేదన్నట్టు నటిస్తోంది. రేకుల వేడికి కూర్చున్న చోటే చెమట కారింది. ధాత్రి నన్ను చూసింది. నేను క్యాలెండరు చూశాను.

"ఏటి బావూ, కుక్కగొడుగులు పెంచుతన్నావంట?" అంది అత్తమ్మ.

"కుక్కగొడుగులు కాదు అత్తమ్మా, తినేటియి. చలి గది కావాలె వాటికి."

"మంచిదే. ఇంట్లో ఒకలికైనా సల్లగ ఉంతాది."

ఎంత మంచి మనసు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నేను రెండుసార్లు ఆలోచించి చూశాను, లేదు.

సాయంత్రం పై ఫ్లోరు తొపన్‌దా మిఠాయి డబ్బా తెచ్చిచ్చాడు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు, సొంతూరు బాంకుడా. పుట్టగొడుగుల సంగతి, ఏసీ సంగతి గంటసేపు చెప్పాను. అంతా విని నా భుజం తట్టి, "అంత కష్టం ఎందుకు సాయీ? నువ్వు దూద్ ఛాతు కొరో" అన్నాడు.

దూద్ అంటే పాలు, కొరో అంటే చెయ్యి, ఛాతు అంటే వేయించిన శెనగల పిండి. వీధి చివర బండి మీద నీళ్లలో కలిపి అమ్ముతారు. దాన్ని పాలలో కలుపుకుని తాగమంటున్నాడు. నేను అలిసిపోయినట్టు కనిపిస్తున్నానేమో. మంచి మనుషులు, ఆరోగ్యం గురించి పట్టించుకుంటారు.

ఏప్రిల్ 19

వచ్చింది. టన్నున్నర. తెల్లగా, గంభీరంగా ఉంది.

ఏప్రిల్ 23

నా సిద్ధాంతంలో చిన్న లోపం. ఏసీ ఆగడం లేదు. పదహారు పెడితే గది ఇరవై ఒకటి దగ్గర నిలబడి నన్ను చూస్తోంది. తేమ పడిపోయింది. విత్తనం పట్టించి తెచ్చిన ఎరువు సంచుల పైన పరిచిన మట్టి ఎండి పెంకులు కట్టింది.

హ్యుమిడిఫయర్ కొన్నాను. అది ఆవిరి వదులుతుంది, ఏసీ ఆ ఆవిరిని పీల్చుకుని గొట్టంలోంచి బయటికి నీళ్లు పోస్తుంది. ఆ నీళ్లు వృథా ఎందుకని బకెట్టు పెట్టాను. బకెట్టు నిండాక తెచ్చి హ్యుమిడిఫయర్‌లో పోస్తున్నాను. పొద్దున్నుంచి ఇదే పని. ఆఫీసు కాల్‌లో ఎవరో నా అభిప్రాయం అడిగారు, నేను బకెట్టు దగ్గర ఉన్నాను. వేరేవాళ్ల కోడ్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం.

ఏప్రిల్ 24

లిఫ్టులో తొపన్‌దా మళ్లీ అదే అడిగాడు, దూద్ ఛాతు మొదలుపెట్టావా అని. లేదంటే బాధపడతాడు. ధాత్రి చేత ఛాతు తెప్పించాను.

ఏప్రిల్ 28

దూద్ ఛాతు రోజూ నడుస్తోంది. రుచి తడిసిన గోడలా ఉంది.

మే 1

తొపన్‌దాతో సంభాషణ, ఉన్నదున్నట్టు:

"దాదా, మీరు చెప్పినట్టే దూద్ ఛాతు చేస్తున్నాను."

"బాః! ఎక్కడ చేస్తున్నావు?"

"వంటింట్లో."

"వంటింట్లోనా? సరే, చోటుంటే ఎక్కడైనా ఫరవాలేదు. ఎలా వస్తోంది?"

"బాగానే ఉంది. మొదట్లో కొంచెం ఉబ్బరం."

ఆయన ఆలోచనలో పడ్డాడు. "ఉబ్బరం మంచిదే. సంచి గట్టిగా ఉన్నట్టు లెక్క" అన్నాడు. సంచి అంటే పొట్ట అనుకుంటాను. బాంకుడావాళ్ల బెంగాలీ వేరుగా ఉంటుంది.

మే 4

అత్తమ్మ మళ్లీ పడింది. ఈసారి గుమ్మం దగ్గర. ధాత్రి నన్ను అడగలేదు, చెప్పింది. ఉదయం క్యాబ్‌లో వెళ్లి మధ్యాహ్నానికి తీసుకొచ్చింది. ఒక సంచీ, ఒక చేతికర్ర, చీరలో చుట్టిన దేవుడి పటం.

హాల్లో దివాన్ మీద పక్క వేశాం. ధాత్రి మా గది ఇస్తానంది. "మొగుడూ పెళ్లాల గదిలో నానేటి, ఇక్కడ గాలాడతాది" అంది అత్తమ్మ. హాల్లో గాలాడదు. పగలంతా నేను మా గదిలో తలుపేసుకుని ఏసీలో పనిచేస్తాను. రెండో గదిలో పుట్టగొడుగులు ఏసీలో ఉంటాయి. మధ్యలో అత్తమ్మ ఫ్యాన్ కింద.

"ఈ ఒక్క పంట అయిపోనియ్యి" అన్నాను ధాత్రితో. ఇప్పుడు గది తలుపు తీస్తే మొత్తం పోతుంది, ఇన్నాళ్ల కష్టం. ఆమె సరేనంది. సరే అన్న తీరు గురించి రాయను.

మే 9

అత్తమ్మ నా బకెట్టు పని చూసింది. దివాన్ మీంచి పొద్దున్నంతా చూసి, చివరికి అడిగింది.

"బావూ, అది ఒగ్గేసిన నీల్లు ఇందులో పోస్తన్నావు. ఇది ఒగ్గేసింది మల్లీ అదే పీల్సుకుంతంది. మద్దిలో నువ్వెందుకు?"

వివరించాను. తేమ, వేడి, గాలి మార్పిడి, అన్నీ. అంతా విని, "నీకు సెమట పడతంది, కూసో" అని విసనకర్ర ఇచ్చింది. తన విసనకర్రే.

మే 13

గుండుసూది తలలంత మొలకలొచ్చాయి! ధాత్రిని పిలిచి చూపించాను. చూసింది. "చల్లగా ఉంది" అంది.

మే 16

ఆఫీసు నుంచి వచ్చి ధాత్రి ఆ గది తలుపుకి వీపు ఆనించి నేలమీద కూర్చుంది. తలుపు చల్లగా ఉందట. కాసేపటికి అత్తమ్మ కూడా వచ్చి పక్కన చేరింది. ఇద్దరూ అలా తలుపుకి ఆనుకుని బఠాణీలు ఒలిచారు. నేను లోపలికి వెళ్లాలి, తేమ చూసుకోవాలి. లేవమని అడిగితే లేచారు.

మే 22

ఈ రోజుది రాయకూడదనుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మరు కాలిందట, మా టవర్ మొత్తం. మొలకలు అప్పుడే బొత్తాలంతయ్యాయి. గది వేడెక్కితే గంటలో నల్లబడతాయి. ఫ్రిజ్‌లో ఉన్న ఐసంతా తీసుకెళ్లాను, ట్రేలు, బాటిళ్లు, ధాత్రి మోకాలికి కట్టుకునే జెల్ ప్యాకెట్టుతో సహా. సంచుల మధ్య సర్ది తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కి బయటికొచ్చాను. చాలా తెలివిగా చేశాననిపించింది. అప్పుడు చూశాను. అత్తమ్మ దివాన్ మీద ఒక పక్కకి ఒరిగి ఉంది. పిలిస్తే పలికింది, కానీ నన్ను మామగారి పేరుతో పిలిచింది. ఒళ్లు కాలిపోతోంది.

సరిగ్గా అప్పుడే ధాత్రి వచ్చింది, కరెంటు పోయిందని తెలిసి ముందుగా బయల్దేరిందట. పదంతస్తులు మెట్లెక్కి వచ్చింది. తల్లిని చూసి చెప్పులతోనే వంటింట్లోకి పరిగెత్తి ఫ్రిజ్ తీసింది.

"ఐసేదీ? సాయీ, ఐసేదీ?"

నేను వెళ్లి తెచ్చాను. పుట్టగొడుగుల సంచుల కింద నుంచి ఏరుకొచ్చాను. ట్రేలకి ఎరువు అంటుకుని ఉంది. ధాత్రి తన దుపట్టాతో తుడిచి తల్లి మెడ కింద పెట్టింది. నా వైపు చూడలేదు. కాసేపటికి అత్తమ్మ తేరుకుంది, నీళ్లు తాగింది, "ఏటయింది, ఎందుకు ఇంత కంగారు" అని మమ్మల్నే కోప్పడింది. సాయంత్రం కరెంటొచ్చాక డాక్టరు వచ్చి వడదెబ్బ అని, చల్లటి గదిలో పడుకోబెట్టండని చెప్పి వెళ్లాడు.

చల్లటి గది.

"ఆ గదిలో బూజు గాలి, ఎరువు వాసన. అత్తమ్మ ఊపిరికి మంచిది కాదు" అన్నాను. అది నిజం కూడా. ధాత్రి తల్లిని మా గదిలో పడుకోబెట్టింది. నేను హాల్లో పడుకుంటాను. హాల్లో నిజంగానే గాలాడదు.

మే 23

సిగ్గుగా ఉంది. అంతే.

మే 24

కోత. ఒక ఆమ్లెట్‌కి సరిపోయాయి. మిగతా సంచుల మీద ఆకుపచ్చ బూజు.

మే 27

అత్తమ్మ మళ్లీ హాల్లోకి మారింది. మా గదిలో నిద్ర పట్టడం లేదట. కిటికీ పక్కన చిన్న కూలర్ పెట్టాం. కొత్త సంచులకి ఆర్డరు ఇచ్చాను. మొదటి పంట ఎవరికైనా పాఠమే అని అన్ని వీడియోల్లోనూ ఉంది.

జూన్ 8

తొపన్‌దా ఇంట్లో భోజనం. నేనొక్కణ్నే వెళ్లాను, ధాత్రి అత్తమ్మని ఆసుపత్రికి పరీక్షలకి తీసుకెళ్లింది. పెద్ద గిన్నెలో ఆవపెట్టిన కూర. తెల్లటి ముక్కలు, మెత్తగా, చేప కంటే బాగున్నాయి. రెండుసార్లు వడ్డించుకుని ఇదేమిటని అడిగాను.

"అదేమిటి, నువ్వే పెంచుతున్నావుగా? దూద్ ఛాతు."

నా నోట్లో ముద్ద ఉంది.

బౌది, అంటే వాళ్లావిడ, లోపల్నుంచి బుట్ట తెచ్చింది. నా అరచెయ్యంత గొడుగులు, పాలంత తెలుపు, లావు కాడలు. వాళ్ల ఊళ్లో తమ్ముడు పంపాడట. బాంకుడాలో పుట్టగొడుగుని ఛాతు అనే అంటారు, ఇది పాల ఛాతు. పశువుల కొట్టంలో, గడ్డి సంచుల్లో, ఈ ఎండల్లోనే పెరుగుతుంది. చలి తగిలితే పెరగదు. ఏప్రిల్లో నేను ఏసీ కబుర్లు చెబుతుంటే ఆయన నాకు చెప్పింది ఇదీ.

"మరి ఇన్నాళ్లూ నువ్వేం చేస్తున్నావు?" అన్నాడు తొపన్‌దా.

"తాగుతున్నాను దాదా" అన్నాను. "పాలలో కలుపుకుని."

ఆయన నవ్వి, దగ్గి, బౌదికి చెప్పి, మళ్లీ ఇద్దరూ నవ్వి, కళ్లు తుడుచుకుని, ఆ ఉబ్బరం సంగతి గుర్తొచ్చి మళ్లీ మొదలుపెట్టారు. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. ఒక విత్తన ప్యాకెట్టు నా చేతిలో పెట్టి, నీ బాల్కనీ చాలు, గోనెపట్టా కట్టు, రోజూ నీళ్లు చల్లు, గది అక్కర్లేదు అన్నాడు.

మెట్లు దిగుతుంటే నవ్వు ఆగిపోయింది. గది అక్కర్లేదు.

జూన్ 9

ధాత్రికి చెప్పలేదు. బాగా అలిసిపోయి ఉంది.

జూన్ 10

చెప్పలేదు. ముందు బాల్కనీలో పెరుగుతుందో లేదో చూడాలి కదా. ప్యాకెట్టు సాక్సుల అరలో పెట్టాను.

జూన్ 11

మా నాన్నకి నేను భయపడినట్టు అత్తమ్మకి భయపడను. ఆమె అంటే ఇష్టమే. ఆమె వస్తే ఏమవుతుందని నాకు భయం? బనీనుతో తిరగలేను. ఆదివారం మధ్యాహ్నం ధాత్రీ నేనూ గట్టిగా పోట్లాడుకోలేం, గట్టిగా కలిసిపోనూ లేం. ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉంటుంది. ఇంత చిన్న విషయాలు. రాస్తే ఇంకా చిన్నవిగా ఉన్నాయి. వీటి కోసం టన్నున్నర.

కొట్టెయ్యాలనుకున్నాను. ఉండనీ.

జూన్ 14

భోజనాల దగ్గర అత్తమ్మ ప్రకటించింది, లిలువా వెళ్లిపోతానని.

"నాకిక్కడ తోచదమ్మా. అక్కడైతే మనోలుంతారు, కోవెల ఉంది, పక్కింటి దాలమ్మ కూతలేసుకుంటా వొస్తాది. ఇక్కడ లిప్టులో కూడా ఎవులూ పలకరు. నాకే ఉండబుద్ధి అవట్లేదు. మీ ఆయన తప్పేటీ లేదు."

ఆఖరి మాట ఎవరూ అడగలేదు.

ధాత్రి ఏడ్చింది, బతిమాలింది. ఆమె స్నానానికి వెళ్లాక అత్తమ్మ చేతికర్ర ఊతగా నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"పై బౌది సెప్పింది బావూ, లిప్టులో. ఆ పాల గొడుగులికి సలి అక్కర్లేదంట గదా."

లిఫ్టులో ఎవరూ పలకరని ఇప్పుడే చెప్పింది ఈ మనిషి.

"అత్తమ్మా..."

"నాను దానికి సెప్పన్లే. కొత్త కాపురంలో మా అత్త వొస్తాదంటే నాను కూడా మంచం కోడు ఇరగ్గొట్టీనాను. నువ్వు సదువుకున్నోడివి, ఏసీ ఎట్టినావు."

జూన్ 15

లిలువాలో దింపి వచ్చాం. దారిలో హుగ్లీ దాటుతుంటే ధాత్రి, "అమ్మకి మనం నచ్చలేదు" అంది. నేను నీళ్లు చూస్తూ కూర్చున్నాను.

జూన్ 17

ధాత్రి మాట్లాడటం లేదు. అడిగినదానికి జవాబు చెబుతుంది, అంతే. తెలిసిపోయింది. తల్లి చెప్పకుండా ఉంటుందా? ఏ తల్లి ఉంటుంది?

జూన్ 18

నన్ను చూసే చూపు బట్టి చెప్పగలను, మొత్తం తెలుసు. నేనే ముందు ఒప్పుకుంటే బాగుంటుంది. మగాడిలా, హుందాగా.

జూన్ 19

ఒప్పుకున్నాను. హుందాగా కాదు, పప్పు తిరగమోత వేస్తుంటే.

"నీకు తెలుసని నాకు తెలుసు" అన్నాను. "అవును, అత్తమ్మ రాకూడదనే ఆ గది నింపిన. బటన్ కూడా అందుకే, చలి కావాలె అని. బాల్కనీల పెరిగేటియి ఉన్నయని తెలిసినంక కూడా చెప్పలే. అత్తమ్మ నీకు చెప్పే ఉంటది."

ధాత్రి స్టవ్ ఆపింది.

"అమ్మకి తెలుసా?"

అప్పుడు అర్థమైంది. ఆమెకి ఏమీ తెలియదు. ఈ నాలుగు రోజులూ ఆమె మౌనం నా మీద కోపం కాదు, తన మీద. తల్లికి నచ్చేట్టు చూసుకోలేకపోయానని కుమిలిపోతోంది. ఆ ముసలావిడ నా కోసం కప్పిపుచ్చిన దాన్ని నేను నా నోటితో, ఇంగువ వాసనలో, విప్పి పరిచాను.

"ఆరోజు ఐసు..." అంది ధాత్రి. లోపలికి వెళ్లి సంచీ సర్దుకుంది. నేను గుమ్మానికి అడ్డం నిలబడతాననుకున్నాను. పక్కకి జరిగాను.

జూన్ 20

పప్పు ఇంకా స్టవ్ మీదే ఉంది.

జూన్ 22

ఫోన్ చేస్తే ఎత్తదు. గది ఖాళీ చేశాను. సంచులన్నీ కిందికి మోశాను, సొసైటీ తోటమాలి ఎరువుకి తీసుకున్నాడు. థర్మకోల్ పీకాను. కిటికీలోంచి వెలుగొచ్చి ఆ గోడలు చూస్తే, పాపం, మంచి గది. పొద్దున చల్లటి గాలి వస్తుంది. గోడలు రెండుసార్లు కడిగాను, ఫినాయిలు, నిమ్మకాయ, మళ్లీ ఫినాయిలు. మంచం వేశాను. పక్కనే పట్టుకోవడానికి గోడకి కడ్డీ బిగించాను, బాత్‌రూములో కూడా. వంకరగా వచ్చాయి. పీకి మళ్లీ బిగించాను.

జూన్ 24

ఎత్తింది.

"గది ఖాళీ చేసిన" అన్నాను. "మంచం వేసిన. అత్తమ్మని తీసుకుని వచ్చెయ్యి."

ఆమె వెనక లోకల్ రైలు వెళ్లింది.

"అమ్మ వస్తానంటోంది" అంది. "నేనిక్కడికి వచ్చిన దగ్గర్నుంచి, పాపం అల్లుడు ఒక్కడే ఉన్నాడు అంటోంది. అమ్మకి బాధ లేదు సాయీ. నాకే రాబుద్ధి అవట్లేదు."

పెట్టేసింది.

నేను గోడ కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. గట్టిగానే ఉంది.

జూన్ 28

బెల్లు కొడితే పాలవాడనుకుని బనీనుతో తలుపు తీశాను. అత్తమ్మ. ఒక్కతే. వెనక క్యాబ్ డ్రైవరు ఆమె సంచీ మోసుకొచ్చాడు, దారంతా కబుర్లు చెప్పినట్టుంది, మాసీమా, అంటే పిన్నిగారూ, అని పిలుస్తున్నాడు.

"ధాత్రి?"

"అది రాదు. కోపంగా ఉంది. ఉండనీ, ఉండాల్సిందే." చెప్పులు విప్పి నేరుగా గదిలోకి నడిచింది. మంచం మీద కూర్చుని చేత్తో తట్టి చూసింది. కడ్డీ పట్టుకుని లాగి చూసింది.

"ఆమెకి చెప్పే వచ్చినవా అత్తమ్మా?"

"సీటీ రాసెట్టినాను."

"నీకు రాయడం వచ్చా?"

"బెంగాలీలో." కాళ్లు పైకి పెట్టుకుంది. "నాను ఇక్కడుంటే అది అక్కడ ఎన్నాల్లుంతాది బావూ? నీ కోసం రాదు. నా మందుల కోసం వొస్తాది."

సంచీలోంచి మందుల డబ్బా తీసి చూపించింది. సగం గళ్లు ఖాళీ. మిగతావి లిలువాలోనే వదిలేసి వచ్చిందట, కావాలనే.

అత్తగారిని రానివ్వకూడదని ఇంతా చేసినవాణ్ని, ఇప్పుడు భార్య లేకుండా అత్తగారితో కాపురం చేస్తున్నాను. మధ్యాహ్నం ఆమె పప్పుచారు కాచింది. పక్కన కూర్చోబెట్టి తినిపించినంత పని చేసింది. నేను కళ్లు తుడుచుకున్నాను. కారం ఎక్కువైందని చెప్పాను.

జూన్ 29, ఆదివారం

వచ్చింది. చేతిలో మందుల సంచీ. నన్ను దాటుకుని లోపలికి వెళ్లింది.

"మందులు మర్చిపోతావేటమ్మా? బుద్ధుందా నీకు?"

"ముసల్దాన్ని, గుర్తుండదు" అంది అత్తమ్మ, ఆ మాట అనడానికి ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నట్టు.

తలుపు మూసుకున్నారు. నేను హాల్లో దివాన్ మీద కూర్చున్నాను. ముందు ధాత్రి గొంతే వినిపించింది, తగ్గుతూ, పెరుగుతూ. తర్వాత ఏడుపు. తర్వాత చాలాసేపు అత్తమ్మ గొంతు. ఆ తర్వాత, ఎలా మొదలైందో తెలియదు, నవ్వు. ఇద్దరిదీ. నన్ను గురించే. అందులో నాకు అనుమానం లేదు, నా గొంతు అనుకరిస్తూ అత్తమ్మ 'తేమ' అనడం స్పష్టంగా విన్నాను. జీవితంలో ఎవరైనా నన్ను చూసి నవ్వుతుంటే ఇంత సంతోషపడింది లేదు.

తలుపు కొంచెం తెరుచుకుంది. ధాత్రి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏసీ రిమోట్ ఏదీ?"

పది రోజుల తర్వాత నా భార్య నా ఎదుట నిలబడి అన్న మొదటి మాట. నా చొక్కా జేబులోనే ఉంది. ఇచ్చాను. తీసుకుని వెనక్కి తిరిగింది. తలుపు మళ్లీ మూసుకుంది. గడియ పెట్టిన చప్పుడు మాత్రం రాలేదు.